వచ్చినోళ్లది చరిత్ర, పోయినోళ్లది వలస

మన బడి పుస్తకాల్లో తరాల తరబడి మారని పాఠం ఒకటుంది: 'ఐరోపావారి రాక'. 1498లో వాస్కోడగామా కాలికట్ దగ్గర దిగుతాడు. అతని వెనక డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వరసకట్టి వస్తారు. ఎవరు ఎక్కడ గిడ్డంగి కట్టారో, ఎవరిని ఎవరు ఓడించారో బట్టీ పట్టి పిల్లలు పరీక్ష రాస్తారు. ఈ పాఠంలో అడగవలసిన ప్రశ్న 'రాక' అనే మాట దగ్గరే ఉంది. పండక్కి చుట్టం వచ్చినట్టు, మృగశిర కార్తె వచ్చినట్టు వాళ్లు 'వచ్చారు'. అదే సిరిసిల్ల నుంచి పద్మశాలి పిల్లగాడు భీవండికి పోతే, కోరుట్ల నుంచి మాదిగ పిల్లగాడు దుబాయికి పోతే అది 'వలస'. అది చరిత్ర పాఠంలోకి రాదు. జిల్లా సమస్యల జాబితాలోకి పోతుంది, కరువుకూ కరెంటుకూ మధ్యన.

ఇక్కడ మన భాష ఒక తమాషా చేసింది. దేశాన్ని ఆక్రమించి పాలించడం వలస పాలన. ఆ పాలనను సమర్థించే సిద్ధాంతం వలసవాదం. కూడు కోసం ఊరు విడిచిపోయినవాడు వలస కూలీ. అందరికీ ఒకటే మాట. భాష పక్కపక్కన కూర్చోబెట్టిన వీళ్లను చరిత్రకారులు మాత్రం వేరు వేరు బంతుల్లో కూర్చోబెట్టారు. తెల్లవాడి రాకను చదివే విద్యార్థికి మనవాడి పోకతో దానికేమన్నా సంబంధం ఉందా అనే అనుమానం కూడా రాకుండా చేశారు. సంబంధం ఉన్నదనీ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఐరోపావారి రాక మిగిల్చిన అసలు గుర్తు మన జనం పోకేననీ ఈ వ్యాసం వాదన.

ఇప్పటిదాకా ఈ విషయం మీద రెండు ధోరణులు నడిచాయి. మొదటిది జాతీయవాద చరిత్రది. తెల్లవాడు వచ్చి అప్పటిదాకా చల్లగా ఉన్న దేశాన్ని దోచిండు అంటుంది. అప్పటిదాకా వెలివాడ ఎంత చల్లగా ఉన్నదో చెప్పదు. రెండోది మన దళిత ఉద్యమం లోపలి నుంచే వచ్చింది. దొర వచ్చిండు, బడి వచ్చింది, పాదిరి వచ్చిండు, మనిషి అని పిలిచిండు అంటుంది. మొదటిదాన్ని ఎదుర్కోవడానికి రెండోది అవసరమైంది, కాదనలేం. అయితే రెండూ బ్రిటిష్ ఇండియాలో పుట్టిన వాదాలే. మద్రాసు రాజధానిలో కలెక్టరు తెల్లవాడు, జడ్జి తెల్లవాడు. నిజాం రాజ్యపు పల్లెలో పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్ ఎదురుపడ్డారు తప్ప తెల్లవాడు కంటికి కనబడింది తక్కువ. కోస్తా కాలికి కుట్టిన చెప్పును తెలంగాణ కాలికి తొడిగి నడవమంటే ఎట్లా నడుస్తుంది?

జగిత్యాల కోటతో మొదలుపెడదాం. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కాలంలో జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు ఈ కోట కట్టారనీ, వాళ్ల పేర్లు కలిపితేనే 'జగిత్యాల' అయిందనీ స్థానిక చరిత్రలు చెబుతాయి. బస్టాండులో అడిగినా ఇదే చెప్తరు, విద్యార్థుల ప్రాజెక్టుల్లోనూ ఇదే. ఈ కథను కొంచెం గీకి చూడాలి. 'జాక్' ఇంగ్లీషువాళ్ల ముద్దుపేరు. ఫ్రెంచివాడి నోట ఆ పేరు ఝాక్ అవుతుంది. ఇక 1747 నాటికి మొదటి అసఫ్‌జా ఇంకా బతికే ఉన్నాడు. ఫ్రెంచి సేనతో బుస్సీ దక్కనులో అడుగుపెట్టింది 1751లో. ధంసా పేరు గట్టిగా వినబడేది ఆ తర్వాత, నిజాం అలీఖాన్ కాలపు యుద్ధాల్లో. పక్కనున్న పొలాసను కాకతీయులకు ముందు ఏలిన వంశంలో జగ్గదేవుడు అనే పేరు ఉన్నదనీ, ఊరి పేరు దానినుంచి వచ్చిందనీ ఇంకో వాదం ఉంది. భాష లెక్కన చూస్తే అదే దగ్గరగా కనబడుతుంది. ఊరి పేరును రెండు ముక్కలు చేసి ముక్కకో దొరను పుట్టించినట్టుంది ఈ కథ.

అంతమాత్రాన కోటలో ఐరోపా చెయ్యి లేదనడం తొందరపాటు. మూలమూలకూ ముక్కు పొడుచుకొచ్చినట్టుండే ఆ నక్షత్రపు ఆకారం ఫిరంగుల కాలపు ఐరోపా కోటల పద్ధతి. దాన్ని ఫ్రాన్సులో వోబాన్ ఒక శాస్త్రంగా పెంచి 1707లో చచ్చిపోయాడు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. కంపెనీ కొలువులు వదిలేసినవాళ్లు, పారిపోయిన సిపాయిలు, తుపాకీ మందు తెలిసినవాళ్లు దక్కను సర్దార్ల దగ్గర జీతానికి కుదరడం గోల్కొండ సుల్తానుల నాటి నుంచీ ఉన్నదే. కాబట్టి ఎవరో ఒక ఫిరంగీవాడు గీత గీసి ఉండవచ్చు. గీత గీసినవాడు ఒకడో ఇద్దరో. ఆ కందకంలో మట్టి తవ్వింది ఎంతమంది? రాయి కొట్టింది, మోసింది, సున్నం గానుగ తిప్పింది ఎవరు? ఈ పనులు ఈ నేల మీద ఏ కులాల నెత్తిన ఉన్నాయో తెలియనివాళ్లు ఎవరూ లేరు. వడ్డెరలు రాయి కొట్టాలి, మాల మాదిగలు పిలిచిన పనికల్లా పోవాలి. ఊరి పేరు చెప్పే కథలో నవాబుకూ దొరకూ చోటు దొరికింది, తట్ట ఎత్తినవాళ్లకు దొరకలేదు. ఇంకో మాట. 'ధౌంసా' అంటే హిందుస్తానీలో పెద్ద నగారా. నగారా పేరు నవాబుకు బిరుదై నిలిచింది. నగారాకు తోలు బిగించినవాడి పేరు మాత్రం ఏ తవారీఖులోనూ ఎక్కలేదు.

ఈ కథను అగ్రకులాల చరిత్రకారులు అంత ఇష్టంగా ఎందుకు చెప్పుకుంటారు? ఊరికి తెల్లవాడి పేరు ఉంటే ఊరి పరపతి పెరుగుతుందన్న ఆశ ఒకటి. ఫ్రెంచివాడికి గొప్పతనం ఇస్తే ఏమీ పోదు, వాడు వచ్చి ఇంట్లో పీటేసుకుని కూర్చోడు అన్నది ఇంకొకటి. వడ్డెరకు ఇస్తే కూర్చుంటడు, పక్కనే ఉన్నడు మరి. ఎక్కడో ఉన్న పారిసుకు అప్పు ఒప్పుకోవడం సులభం, వాడకట్టుకు అప్పు ఒప్పుకోవడం కష్టం.

ఐరోపావాడు నిజాం రాజ్యానికి మొదట దొరగా రాలేదు, కూలికి వచ్చాడు. ఈ మాట ఒత్తి చెప్పాలి. మిషెల్ రేమాన్ 1755లో ఫ్రాన్సులో పుట్టి, నిజాం అలీ కొలువులో పద్నాలుగు వేల మందికి తర్ఫీదు ఇచ్చిన సేనాని అయ్యాడు. హైదరాబాదులో తోపులు పోతపోశాడు. 1798లో చచ్చిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు. జనం నోట్లో అతని పేరు మూసా రహీం అయింది, మూసారాంబాగ్ అయింది. అదే ఏడు నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి కుదుర్చుకుని ఫ్రెంచి సేనను రద్దు చేసిండు. పుస్తకాలు దీన్ని ఫ్రెంచి, ఇంగ్లీషు పోటీగా చూపించి పేజీ తిప్పేస్తాయి. ఆ పోటీకి పైసలు ఎక్కడివి? పాత పద్ధతి సిపాయికి జాగీరు ఇస్తే సరిపోయేది. కవాతు చేసే సిపాయికి నెలనెలా రొక్కం జీతం కావాలి. తోపుకు కంచు, మందు కావాలి. రొక్కం కావాలంటే శిస్తు రొక్కంలో రావాలి. ఐరోపా వలస పల్లె మీద పడిన తొలి అడుగు ఇదే. మనిషి రాలేదు, వాడి జీతం చీటీ వచ్చింది.

తర్వాత కథ ఇంకా ఘోరం. ఇంగ్లీషు జనరలుకూ, ఈ దేశపు బేగంకూ పుట్టిన విలియం పామర్ 1814లో హైదరాబాదులో ఒక సాహుకారీ కంపెనీ పెట్టాడు. దివానం నడుపుతున్న చందూలాల్ ఆ కంపెనీ దగ్గర నిజాం పేరు మీద అప్పు మీద అప్పు తీసుకున్నాడు. వడ్డీ నూటికి ఇరవై నాలుగుదాకా పోయింది. అరవై లక్షల రూపాయల అప్పు దగ్గరకొచ్చేసరికి రెసిడెంటు మెట్కాఫ్ అడ్డుపడ్డాడు. 1820ల మధ్యకు కంపెనీ కూలింది. కూలేలోపు అప్పు తీర్చడానికి తాలూకాల శిస్తు వసూలు గుత్తకు పోయింది. గుత్త తీసుకున్నవాడు కింది గుత్తేదారు మీద, వాడు దేశ్‌ముఖ్ మీద, వాడు రైతు మీద, రైతు తన జీతగాని మీద. ఈ మెట్ల వరసకు అడుగున ఉన్నవాడి దగ్గర రొక్కం లేదు. వాడి ఒళ్లే వాడి రొక్కం. వెట్టి అంతకుముందే ఉంది, ఐరోపావాడు తెచ్చింది కాదు. కానీ వెట్టిని పిండే మర బిగించిన చేతుల్లో అతని చెయ్యి ఉంది. దేశ్‌ముఖుల చరిత్ర రాసేవాళ్లు దీన్ని నిజాం నిరంకుశత్వంతో ముగిస్తారు. రెసిడెన్సీ మేడ దాకా పోయి తలుపు తట్టరు.

మెట్కాఫ్ ఇంకో పనీ చేశాడు. జిల్లాలకు ఇంగ్లీషు అధికారులను పంపి శిస్తు వ్యవహారం చూడమన్నాడు. 1829లో కొత్త నిజాం వాళ్లను వెనక్కి పంపించేదాకా తెల్లవాళ్లు జిల్లాల్లో తిరిగారు. గుత్తేదార్ల మీద కొంత అదుపు వచ్చింది. ఒప్పందం మాత్రం భూమి రాసి ఉన్న రైతుతోనే. భూమి లేనివాడు వాళ్ల లెక్కలోకి కూడా రాలేదు.

ఈ కాలాన్ని తెలుగులో చూసి రాసిన గొప్ప పుస్తకం ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే నెలలో బయల్దేరి హైదరాబాదు, నిర్మల మీదుగా కాశీకి పోయి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారులు, నదులు, ధరలు, రాజ్యపు అరాచకం అన్నీ రాశాడు. ఆ పుస్తకం విలువ నేను తగ్గించను. కానీ ఏ ఊళ్లో దిగినా బ్రాహ్మణుల ఇళ్లు ఉన్నాయా, అంగళ్లు ఉన్నాయా అన్నదే ఆయన మొదటి లెక్క. ఊరి బయట ఉన్న ఊరు ఆ లెక్కలో లేదు. ఆయన పల్లకీ మోసిన బోయీలు పుస్తకమంతా నడుస్తూనే ఉంటారు. వాళ్లు కూడా చెన్నపట్నం నుంచి కాశీదాకా నడిచినవాళ్లే. మన సాహిత్య విమర్శ ఇన్నేళ్లుగా దాన్ని తెలుగు తొలి యాత్రా రచనల్లో ఒకటిగా మెచ్చుకుంటున్నది. ఆ యాత్ర ఎవరి భుజాల మీద జరిగిందో అడగలేదు. ఐరోపావాడి రాకతో మొదట ఉద్యోగం, ఇంగ్లీషు, జీతం దక్కింది వీరాస్వామి వంటి వాళ్లకు. అందువల్ల ఆ రాక గురించి రాసే కలం కూడా వాళ్ల చేతికే పోయింది.

తెల్లవాడు కాలు పెట్టని ఊళ్లకు కూడా వాడి ఓడ సరుకు చేరింది. మిరప, మక్క, పొగాకు ఈ నేలవి కావు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో ఇటు వచ్చాయి. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనేవాడు బీజాపూరు నుంచి పొగాకు పట్టుకుపోయి అక్బరుకు చూపించాడంటే, ఢిల్లీకన్నా ముందే దక్కనుకు తెలిసిందన్నమాట. మాటలు కూడా వచ్చాయి. వేలం, పీపా, అలమారా, ఇస్త్రీ, పాదిరి, మేస్త్రీ. వీటిలో మేస్త్రీ మామూలు మాట కాదు. పోర్చుగీసులో గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థం. తెలుగు నేల మీద దిగాక కూలీలను జమచేసేవాడు, అడ్వాన్సు ఇచ్చి కట్టేసేవాడు అని కూడా అర్థం వచ్చింది. కోస్తా నుంచి రంగూను మిల్లులకు, రేవులకు తెలుగు కూలీలను తోలుకుపోయిన పద్ధతి పేరే మేస్త్రీ పద్ధతి. గురువు అనే మాట దళారీగా ఎట్లా మారిందో ఒక విద్యార్థి కూర్చుని రాస్తే అదే ఒక పరిశోధన అవుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో అన్యదేశ్య పదాల మీద సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. పదం ఎవరి మెడకు తాడైందో వాటికి అవసరం లేకపోయింది.

తెలంగాణ జనం రంగూనుకన్నా ఎక్కువ పోయింది బొంబాయికి. బొంబాయి పూర్తిగా ఐరోపా వలస కట్టుకున్న పట్నం. 1661లో పోర్చుగీసు రాజు ఇంగ్లీషు రాజుకు పెళ్లి కట్నంగా ఇచ్చిన దీవులవి. 1668లో కంపెనీ చేతికొచ్చాయి. దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి, కట్టలు వేసి, రోడ్లు పరిచి ఒక నగరం చెయ్యడానికి రాయి కొట్టేవాళ్లు, మట్టి మోసేవాళ్లు కావాలి. నిజాం రాజ్యం నుంచి తెలుగు కూలీలు పోయారు. అక్కడివాళ్లు వీళ్లను కామాఠీలు అన్నారు. వాళ్లున్న చోటు కామాఠీపుర అయింది. ఈ దేశంలో ఆ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది వేశ్యావాడ ఒక్కటే. నగరం కట్టినవాళ్ల పేరు పెట్టిన వాడకు ఆ నగరం ఇచ్చిన గౌరవం అది. జగిత్యాల కోటలో కూలి పేరు పోయింది, బొంబాయిలో కూలి పేరు మిగిలింది కానీ మట్టికొట్టుకుపోయింది. ఏది నయమో నాకు తెలియదు.

కామాఠీల వెనక పద్మశాలీలు పోయారు. ఇంగ్లండు మిల్లు బట్ట మన చేనేత మీద కొట్టిన దెబ్బ గురించి చాలా రాశారు. మగ్గం విడిచిన చేతులు ఎక్కడికి పోయాయన్నది తక్కువ రాశారు. అవి బొంబాయి మిల్లులకు, షోలాపూరుకు, భీవండికి పోయాయి. 1982 సమ్మె తర్వాత బొంబాయి మిల్లులు మూతపడుతుంటే మిల్లు కార్మికులు చాలామంది భీవండి మరమగ్గాల మీద పడ్డారు. అక్కడ పని నేర్చి తిరిగొచ్చినవాళ్లు తెచ్చిన మరమగ్గాలే సిరిసిల్లను మరమగ్గాల ఊరు చేశాయి. అంటే సిరిసిల్ల చప్పుడు కూడా వలస తెచ్చిన చప్పుడే. ఆ మగ్గాల మీద గుడ్డ నేసిన ఇళ్లల్లోనే అప్పుల ఆత్మహత్యలు జరిగాయి. మాంచెస్టరు నుంచి సిరిసిల్లదాకా ఈ దారి పొడుగునా ఒక్క పాఠ్యపుస్తకం కూడా నడవలేదు.

ఇప్పుడు మన లోపలి వాదానికి వస్తాను. ఐరోపావాడి రాక దళితులకు తలుపు తెరిచిందన్న మాటలో నిజమెంత? కొంత ఉంది. 1806లో సికింద్రాబాదు పేరు పెట్టుకున్న దండు ప్రాంతంలో దొరల ఇళ్లల్లో, బ్యారకుల్లో పనికి కులం చూడనవసరం లేని పనివాళ్లు కావలసివచ్చారు. మాలలకు అక్కడ నెల జీతం దొరికింది. 1888లో పుట్టిన మాదరి భాగయ్య ఇల్లు విడిచిపోయి డాస్ సాంటోస్ అనే రోమన్ కాథలిక్ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి చదువు పట్టుకున్నాడు. ఆ పేరులో పోర్చుగీసు గోవా ఉంది. భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయి, 1906లో జగన్మిత్రమండలి పెట్టి, 1917 బెజవాడ పంచమ సభలో పంచమ అన్న పేరే వద్దని నిలబడ్డాడు. మెదక్ ప్రాంతంలో వెస్లియన్ మిషను, డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రి చేసిన పని చిన్నది కాదు. కుష్ఠురోగిని ముట్టడం, అంటరానివాడిని ముట్టడం రెండూ ఈ సమాజం చెయ్యననుకున్న పనులే.

అయినా తలుపు దానంతటది తెరుచుకోలేదు. నెట్టినవాడు ఉన్నాడు. డాస్ సాంటోస్ ఇంట్లో పనిచేసిన పిల్లలు అందరూ భాగ్యరెడ్డి కాలేదు. మెదక్ చర్చి సంగతే చూడండి. 1924 డిసెంబరు 25న తెరిచిన ఆ చర్చిని పాస్నెట్ కట్టించిండు అంటరు. కరువులో కూలికి తిండి పెట్టి కట్టించిండు అని మెచ్చుకుంటరు. తిండికి పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? వాళ్లే ఆ గుడికి విశ్వాసులు కూడా. జగిత్యాలలో నవాబు, ఇంజనీరు. మెదక్‌లో పాదిరి, వాస్తుశిల్పి. మన వైపువాళ్లు రాసిన మిషను చరిత్రల్లో కూడా తట్ట మోసినవాళ్లకు పేరు రాలేదు. అగ్రకుల చరిత్రను తిట్టేటప్పుడు వాడే గీటురాయిని మన చరిత్ర మీద కూడా గీయాలి.

1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి వద్దని, కూలి పెంచమని, బంజరు మాదని కూలీలూ, పేద రైతులూ పట్నం మీదికి కదిలారు. దొరలు ఊళ్లు విడిచి పట్నాలకు పోయారు. దాన్ని మాత్రం ఎవరూ వలస అనలేదు! అదే అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వాడుకున్నది 1948 నాటి మద్రాసు చట్టం. ఇంగ్లీషువాడు పోయిన ఏడాదికే రాసుకున్న చట్టంలో వాడి పోలీసు భాష అట్లనే ఉంది. పోలీసు క్యాంపుల కాలంలో పిల్లలను ఊళ్లో ఉంచడానికి భయపడి తల్లులు పుస్తెలమ్మి, వడ్డీకి తెచ్చి దుబాయి, మస్కటు పంపించారు. గల్ఫ్ పోవడానికి కరువు, నీళ్లు లేకపోవడం కారణాలే. భయం కూడా కారణమే.

అక్కడ కఫీలు చేతిలో పాస్‌పోర్టు. కఫీలు విడిచిపెట్టి బయట పనిచేస్తే ఖల్లివెల్లి. ఈ కఫాలాను అరబ్బు ఆచారమని తేలిగ్గా అనేస్తారు. గల్ఫ్ రాజ్యాల్లో కొన్ని 1971 దాకా బ్రిటిష్ రక్షణ కింద ఉన్నాయనీ, బయటి కూలీకి ఒక స్థానిక పూచీదారు ఉండాలన్న నిబంధన ఆ కాలపు బ్రిటిష్ అధికారుల ఏర్పాట్లలో పెరిగిందనీ చరిత్రకారులు కొందరు ఈమధ్య చూపించారు. అట్లయితే జగిత్యాల కూలీ రెండుసార్లు ఒకే పాలన కిందికి పోయిండు: ఒకసారి తాను కదలకుండా, ఒకసారి విమానమెక్కి.

కోరుట్లలో, సిరిసిల్లలో మొగడు భీవండిలోనో దుబాయిలోనో ఉన్న ఇంట్లో ఆడమనిషి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తుంది. తునికాకు అడవిది, ఇక్కడిది. లోపలి తంబాకు పోర్చుగీసు ఓడలో వచ్చినదాని సంతతి. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. కంపెనీకి నచ్చని బీడీలు పక్కకు తీసేస్తే వాటి కూలి పోయినట్టే. మెడ, వేళ్లు, ఊపిరితిత్తులు ఆమెవి. ఐరోపావారి రాక సమాజాన్నీ సంస్కృతినీ ఎట్లా మార్చిందన్న ప్రశ్నకు ఈ చాట కూడా ఒక జవాబు పత్రమే. పరీక్షలో మాత్రం వాస్కోడగామా ఏ సంవత్సరంలో వచ్చిండని అడుగుతున్నాం.

చెయ్యవలసిన పని చాలా ఉంది, అదీ తొందరగా. దుబాయి నుంచి మాటలు నింపి పంపిన క్యాసెట్లు ఇంటింటికీ ఉండేవి, ఇప్పుడు టేపు బూజు పట్టిపోతోంది. బొంబాయి పోయినోళ్ల పాటలు ముసలోళ్ల నోట్లో ఉన్నాయి. కోట గురించి వడ్డెర, మాల, మాదిగ వాడల్లో చెప్పుకునే కథలు జాక్, టాల్ కథకన్నా వేరుగా ఉండితీరుతాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీల్లో చరిత్ర చెప్పే టీచర్లు ఈ ఏడు విద్యార్థులకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు కోటను ఎవరు కట్టించారని అడగడం మానేసి, మీ ఇంట్లో ఎవరు ఏ ఏడు ఎక్కడికి పోయిండ్రు, అప్పు ఎంత తెచ్చిండ్రు, ఎవరు తిరిగొచ్చిండ్రు అని అడిగితే ముప్పై నోటు పుస్తకాలు నిండుతాయి.